ఠాణాలో ఆడ డిటెక్టివు: నవల ముందు, నౌకరీ తరువాత

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శిగారు అడిగారు. శాసనాల గురించీ కోటల గురించీ రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ట్రెజరీలో బిల్లులు చూసినవాణ్ణి. నాకు బాగా తెలిసిన చరిత్ర డిటెక్టివు నవలల చరిత్ర ఒక్కటే. అందులోంచి ఒక పాయ తీసుకుని రాస్తున్నాను. పోలీసు ఉద్యోగం చేసే ఆడ డిటెక్టివు నవలలోకి ఎలా వచ్చింది, నిజం ఠాణాలోకి ఎప్పుడు వచ్చింది అన్నది సంగతి. ఇందులో జీతం, ప్రమోషన్, రిట్రెంచ్‌మెంట్, కోర్టు కేసు అన్నీ ఉన్నాయి గనుక మనవాళ్లకు పరాయి విషయమేమీ కాదు.

మన తరం వారికి డిటెక్టివు అనగానే కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ గుర్తుకొస్తాడు. ఆయన ప్రైవేటు డిటెక్టివు. పై అధికారి మెమో లేదు, టి.ఎ. బిల్లు కోత లేదు. దీనికి భిన్నంగా పోలీసుల రోజువారీ పనిని ఉన్నదున్నట్టు చూపే నవల ఒకటుంది. 1945లో అమెరికాలో లారెన్స్ ట్రీట్ రాసిన నవలతో అది మొదలైందని చెబుతారు. 1956 నుంచి ఎడ్ మెక్‌బెయిన్ రాసిన 87వ ప్రిసింక్ట్ నవలలతో అది స్థిరపడింది. అందులో ఒక్క మేధావి ఉండడు, స్క్వాడు మొత్తం ఉంటుంది. డ్యూటీ చార్టు, లాబొరేటరీ నుంచి రావలసిన కాగితం, సాయంత్రంలోగా రిపోర్టు ఏదని గుడ్లురిమే ఆఫీసరు, అన్నీ ఉంటాయి. ముప్పై మూడేళ్లు ఫైళ్ల మధ్య బతికినవాడికి ఆ వాసన నచ్చడంలో వింతేముంది!

అయితే ఆడ డిటెక్టివు ఇంతకంటే చాలా పాతది. 1864లో లండన్‌లో ఒకే ఏడాది రెండు పుస్తకాలు వచ్చాయి. ఆండ్రూ ఫారెస్టర్ అనే మారుపేరుతో వచ్చిన 'ది ఫిమేల్ డిటెక్టివ్' ఒకటి, హేవార్డ్ రాసిన 'రివెలేషన్స్ ఆఫ్ ఎ లేడీ డిటెక్టివ్' రెండోది. హేవార్డ్ నాయిక మిసెస్ పాస్కల్ నలభైకి దగ్గరపడిన వితంతువు. భర్త పోయి చేతిలో పైసా లేక ఈ పనిలో చేరింది. ఒకచోట దొంగ వెనకాల నేలమాళిగలోకి దిగవలసి వస్తే, అడ్డమొచ్చే పెద్ద గేరు పావడాను విప్పి పారేసి దిగుతుంది. ఆ కాలానికి అది చిన్న సంగతి కాదు.

తమాషా ఏమిటంటే, అప్పటికి లండన్ పోలీసు శాఖలో ఒక్క ఆడ కానిస్టేబులు కూడా లేదు. రచయితలు సృష్టించిన పోస్టుకు మనిషి రావడానికి యాభై ఏళ్లు పట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో మగవాళ్లు సైన్యంలోకి వెళ్లిపోయాక, 1915లో గ్రాంథమ్ పట్టణంలో ఎడిత్ స్మిత్ అనే ఆమెను అరెస్టు చేసే అధికారంతో పోలీసుగా నియమించారు. ఆమె కూడా వితంతువే, అంతకుముందు మంత్రసాని. ఆరోగ్యం చెడి 1918లో రాజీనామా చేశారు.

లండన్‌లో 1919లో ఆడ పోలీసులను తీసుకున్నారు. 1922లో ప్రభుత్వ ఖర్చు తగ్గించాలని గెడ్డీస్ కమిటీ సిఫారసు చేస్తే, కత్తెర మొదట వాళ్లమీదే పడింది. చివరికి ఇరవై మందిని మాత్రం ఉంచారు. వారికి అరెస్టు అధికారం 1923లోగాని రాలేదు. ఆ మిగిలినవారిలో లిలియన్ వైల్స్ సి.ఐ.డి.లో చేరి 1949లో రిటైరయ్యారు. అత్యాచారాలకు గురైన ఆడవాళ్లు, పిల్లల వాంగ్మూలాలు రాసుకోవడం ఆమె ముఖ్యమైన పని. పెళ్లి చేసుకుంటే ఉద్యోగం వదలాలన్న నిబంధన 1946 దాకా ఉంది. జీతం మగవాడికి పది వస్తే ఆడమనిషికి తొమ్మిది. ఇది 1970 దశకం దాకా సాగింది.

ఇక న్యూయార్కు. ఇక్కడ కొంచెం నిలబడి చెప్పాలి.

ఫెలీషియా ష్ప్రిట్జర్ అనే ఆమె 1942లో న్యూయార్కు పోలీసు శాఖలో చేరారు. ఆడవాళ్లకు అక్కడ ఒకే పోస్టు, 'పోలీస్ వుమన్'. చేరింది అందులోనే, రిటైరయ్యేదీ అందులోనే. సార్జెంటు పరీక్షకు కూర్చోనివ్వరు. 1961లో ఆమె దరఖాస్తు పెడితే తిప్పికొట్టారు. ఆమె కోర్టుకెక్కారు. 1963లో గెలిచారు. 1964లో పరీక్ష రాసిన ఆడవాళ్లు 126 మంది, నెగ్గింది ఇద్దరు: ష్ప్రిట్జర్, గెర్ట్రూడ్ షిమ్మెల్. 1965లో ఇద్దరూ సార్జెంట్లయ్యారు. పరీక్షకు కూర్చునే హక్కు కోసం ఇరవై ఏళ్ల సర్వీసు తరువాత కోర్టు మెట్లెక్కడం ఎలాంటిదో మనలో సీనియారిటీ కేసులు నడిపినవారికి వివరించక్కర్లేదు.

నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఒక సోదరికి టూరు డ్యూటీ ఉండే సీటు ఇవ్వలేదు, ఆడమనిషి గదా అని. నాలుగేళ్ల తరువాత ప్రమోషన్ లిస్టులో, ఫీల్డు అనుభవం లేదని ఆమె పేరు కిందికి దించారు. ఆ కాగితం టైపు చేయించింది నేనే. ష్ప్రిట్జర్ సంగతి చదివినప్పుడల్లా ఆ పేరా కళ్లముందు కదులుతుంది.

ఆ రోజుల్లోనే న్యూయార్కు రైల్వే సొరంగాల్లో తిరిగే ట్రాన్సిట్ పోలీసులో డొరతీ యూనాక్ పనిచేశారు. 1953లో చేరి, డిటెక్టివు హోదా పొంది, పద్నాలుగేళ్లు చేసి 1967లో మానేశారు. ఉద్యోగంలో ఉండగానే 1964లో తన అనుభవాలను 'పోలీస్ వుమన్' పేరుతో రాశారు. 1968లో ఆమె మొదటి నవల 'ది బెయిట్' వచ్చింది. డిటెక్టివు క్రిస్టీ ఒపారా డ్యూటీకి వెళుతూ దారిలో, రైల్లో ఆడవాళ్లముందు అసభ్యంగా ప్రవర్తించిన ఒకణ్ణి పట్టుకుంటుంది. చిన్న కేసు. అదే పెద్దదై ఆమె మెడకు చుట్టుకుంటుంది. ఒపారా భర్త కూడా పోలీసే, చనిపోయాడు. ఇంట్లో చిన్న కొడుకు, అత్తగారు. కోడలు డ్యూటీకి పోతే పిల్లవాణ్ణి చూసుకునేది ఆ అత్తగారే. ఈ అత్తాకోడళ్ల పొత్తు నాకు హంతకుడి కథకంటే బాగా నచ్చింది. ఆ నవలకు 1969లో మొదటి నవలకిచ్చే ఎడ్గార్ బహుమతి ఇంకొకరితో కలిపి వచ్చింది. ఠాణాలో జీతం తీసుకున్న చెయ్యి రాసిందని పేజీ పేజీకీ తెలుస్తుంది.

ఇంగ్లండులో పి.డి. జేమ్స్ మన కోవకు చెందిన మనిషి. ఆసుపత్రి పరిపాలనలో, తరువాత 1968 నుంచి హోమ్ శాఖలో పనిచేసి 1979లో రిటైరయ్యారు. తెల్లవారుజామున లేచి రాసుకుని ఆఫీసుకు వెళ్లేవారు. 1986లో వచ్చిన 'ఎ టేస్ట్ ఫర్ డెత్'లో కేట్ మిస్కిన్ అనే మహిళా ఇన్‌స్పెక్టరును ప్రవేశపెట్టారు. తొంభై దాటాక 2011లో కూడా నవల ప్రచురించారు. పెన్షన్ కాగితం వచ్చాక పని అయిపోయిందనుకునేవారు ఈమెను చూడాలి.

1991లో లిండా లా ప్లాంట్ 'ప్రైమ్ సస్పెక్ట్' టెలివిజన్లోనూ పుస్తకంగానూ వచ్చింది. జేన్ టెన్నిసన్ పెద్ద హోదాలో ఉన్నా హత్య కేసులు ఆమె చేతికి ఇవ్వరు. కేసు చూస్తున్న అధికారి గుండెపోటుతో చనిపోతే ఆ కేసు తనకిమ్మని అడిగి పుచ్చుకుంటుంది. హంతకుడితో ఒక యుద్ధం, తన కిందివాళ్లతో ఇంకొక యుద్ధం. హెలెన్ మిర్రెన్ నటన చూసినవారు మరచిపోరు.

మనదేశంలో తిరువాన్కూరు సంస్థానం 1933లోనే ఆడవాళ్లను పోలీసులోకి తీసుకుంది. కిరణ్ బేడీగారు 1972లో మొదటి మహిళా ఐ.పి.ఎస్. అధికారి అయ్యారు. 1973లో కోజికోడ్‌లో మహిళా పోలీసు స్టేషన్ తెరిచారు. పోలీసు శాఖ కాకపోయినా సి.బి. ముత్తమ్మగారి కేసు ఇక్కడ చెప్పాలి. విదేశాంగ సర్వీసులో పెళ్లికి ప్రభుత్వ అనుమతి కావాలన్న నిబంధన ఆడవాళ్లకు మాత్రమే ఉండేది. ఆమె ప్రమోషన్ కోసం సుప్రీంకోర్టుకు వెళ్లారు. కేసు నడుస్తుండగానే ప్రభుత్వం ప్రమోషన్ ఇచ్చేసింది. అయినా 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ నిబంధనలను గట్టిగా తప్పుపట్టారు.

1989లో దూరదర్శన్‌లో వచ్చిన 'ఉడాన్' సీరియల్ మీ ఇళ్లలో అందరూ చూసే ఉంటారు. దాన్ని రాసి, దర్శకత్వం వహించి, నటించిన కవితా చౌధరిగారు తన అక్కగారు కంచన్ చౌధరి భట్టాచార్య జీవితం నుంచి ఆ కథ తీసుకున్నారు. మరుసటి ఏడాది మన తెలుగులో విజయశాంతిగారి 'కర్తవ్యం' వచ్చింది, జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చింది. ఆ అక్కగారు 2004లో ఉత్తరాఖండ్‌లో డి.జి.పి. అయ్యారు, దేశంలో ఆ పదవికి వచ్చిన మొదటి మహిళ. 2007లో రిటైరయ్యారు.

మన సంఘంలో పోలీసు శాఖనుంచి రిటైరైన సోదరీమణులు ఉన్నారు. యూనాక్‌లాగా వారిలో ఎవరైనా కలం పట్టి, స్టేషన్ డైరీ, నైట్ డ్యూటీ, ఇంట్లో అత్తగారు అన్నీ పెట్టి రాస్తే వచ్చే సంచికలో మొదట చదివేవాణ్ణి నేనే.