మూడేళ్లు నిండాక వచ్చిన తీర్పు

అలహాబాద్ హైకోర్టులో వినయ్ చంద్ర మిశ్రా అంటే పెద్ద పేరు. సీనియర్ అడ్వకేటు, ఆపైన భారత బార్ కౌన్సిల్ ఛైర్మన్. ఏ రాష్ట్ర బార్ కౌన్సిల్ ఏ వకీలును శిక్షించినా అప్పీలు వెళ్లేది ఆయన ఏలుతున్న ఆ సంస్థకే. అంతటి మనిషిని పడగొట్టడానికి శత్రువులు అక్కర్లేకపోయింది. ఒక పూట నోటిదురుసు చాలింది.

1994 మార్చి 9. ఇద్దరు జడ్జీల బెంచి మీద జూనియరు జస్టిస్ కేశోటె. కింది కోర్టు ఉత్తర్వు ఏ నిబంధన కింద ఇచ్చారని మిశ్రాను అడిగారు. ఏ జడ్జి అయినా అడిగే మాటే. ఆ తరువాత కేశోటె రాసిన లేఖ ప్రకారం, నన్నే అడుగుతారా అన్నట్టు మిశ్రా కేకలు వేశారు. బదిలీ చేయిస్తానన్నారు, పార్లమెంటులో అభిశంసన పెట్టిస్తానన్నారు. ఆ లేఖతో వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. మిశ్రా మొదట ఇదంతా కాదన్నారు. తరువాత క్షమాపణ చెప్పుకున్నారు. సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు.

1995 మార్చి 10న కోర్టు ధిక్కారం కింద శిక్ష వేసింది. ఆరు వారాల జైలు నాలుగేళ్లపాటు అమలు కాకుండా ఆపారు కాబట్టి అది పేరుకే. అసలు దెబ్బ వేరు: మూడేళ్లు ప్రాక్టీసు చేయకూడదు, న్యాయవాదిగా దక్కిన పదవులన్నీ వదులుకోవాలి. దేశంలోని వకీళ్ల క్రమశిక్షణకు పెద్దదిక్కుగా ఉన్నవాడు కోర్టులో నిలబడి వాదించే హక్కే పోగొట్టుకున్నాడు.

జడ్జిని బెదిరించినవాడి మీద జాలి పడమని నేననను. కానీ సనదు, అంటే ప్రాక్టీసు చేసే అనుమతి, ఆపడం ఎవరి పని? 1961 నాటి అడ్వకేట్ల చట్టం 35వ సెక్షను ఆ పనిని బార్ కౌన్సిల్ క్రమశిక్షణ కమిటీకి అప్పగించింది. నోటీసు ఇవ్వాలి, సంజాయిషీ వినాలి, ఆ తరువాతే శిక్ష. ఆ గడప తొక్కకుండానే కోర్టు తానే సనదు ఆపేసింది. ఛైర్మన్ తప్పు చేస్తే సంస్థను పక్కన పెట్టేయడమేనా అని వకీళ్లకు గుబులు పుట్టింది. సుప్రీంకోర్టు బార్ అసోసియేషన్ అదే కోర్టు తలుపు తట్టింది.

అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం తన కోర్టు పొరపాటు తానే దిద్దింది. ధిక్కారానికి శిక్ష వేయడం మా పని, సనదు ఆపడం బార్ కౌన్సిల్ పని, పూర్తి న్యాయం చేసే అధికారం మాకిచ్చే రాజ్యాంగం 142వ అధికరణాన్ని చూపి ఆ పని మేం లాక్కోలేం అని తేల్చింది. ధిక్కార నేరం అలాగే ఉండిపోయింది, ప్రాక్టీసు నిషేధం మాత్రం రద్దయింది.

ఆ తీర్పు 1998 ఏప్రిల్ 17న వచ్చింది. నిషేధానికి మూడేళ్ల గడువు మార్చిలోనే ముగిసింది.