పెంటయ్యకి ముందు

మా తాతయ్య పేరు పెంటయ్య. ఊరి బడిలో మాస్టారు. ఇస్త్రీ చొక్కా లేకుండా గడప దాటేవాడు కాదు. ఆ పేరెందుకు పెట్టారో విజయనగరం వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. వరసగా పిల్లలు దక్కకపోతే, ఆ తర్వాత పుట్టినవాణ్ణి కాసేపు పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకునేవారు. వీడు పనికిరాని సరుకు, నీకెందుకులే అని చావుని నమ్మించడం అన్నమాట. తవుడిచ్చి కొనుక్కున్నట్టు నటిస్తే తవిటమ్మ, ఎంగిలి విస్తరాకుల మీద దొర్లిస్తే పుల్లయ్య. హైదరాబాద్‌లో ఎవరైనా ఈ పేర్లు విని నవ్వితే, ఆ పేరు వెనక పేరే లేకుండా పోయిన పిల్లలు నాకు గుర్తొస్తారు.

తాతయ్యకి ముందు ముగ్గురు. ఇద్దరు కడుపులోనే పోయారు, ఒకడు పురిటి స్నానం కాకముందే. వాళ్ళ గురించి మా ఇంట్లో మిగిలింది ఇంతే. వాళ్ళ అమ్మ చేసిన తప్పులు మాత్రం వివరంగా మిగిలాయి. గ్రహణం పూట కత్తిపీట ముందు కూర్చుందట. సందెవేళ చింతచెట్టు కిందనుంచి నడిచిందట.

రెండేళ్ళ కిందట మా చెల్లికి 37వ వారంలో బిడ్డ కడుపులోనే పోయింది. బీపీ లేదు, షుగర్ లేదు, స్కాన్లన్నీ బాగానే ఉన్నాయి. ఒకరోజు పొద్దున్న లేచేసరికి కదలిక లేదు. ఆస్పత్రివాళ్ళిచ్చిన కాగితంలో కారణం అన్నచోట ‘తెలియదు’ అని ఉంది. ఆ ఖాళీని చుట్టాలు వారంలో పూరించేశారు. ఈసారి చింతచెట్టుకి బదులు స్కూటీ, గ్రహణానికి బదులు ఒళ్ళో లాప్‌టాప్.

నేను డాక్టర్ని కాను. ఆ ‘తెలియదు’ అన్న మాట పట్టుకుని చదవడం మొదలుపెట్టాను, అంతే. మృత జననాల్లో చాలావాటికి కారణాలు వేరే ఉంటాయి: మాయ సరిగా పనిచేయకపోవడం, తల్లికి రక్తపోటు, ఇన్ఫెక్షన్లు, కాన్పు సమయంలో అందని వైద్యం. ప్రపంచంలో ప్రతి 16 సెకన్లకి ఒక బిడ్డ ప్రాణం లేకుండా పుడుతోందని 2020లో ఐక్యరాజ్యసమితి సంస్థలు లెక్కగట్టాయి. అంత పెద్ద సంఖ్యలో నేను చెప్పబోయేది చిన్న భాగం. కానీ దాని చరిత్ర నన్ను వదల్లేదు.

అది కడుపులో కాదు, బడిలో మొదలైంది. 1856లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో మైస్నర్ అనే వైద్యుడు చెవిటి, మూగ పిల్లల గురించి రాసిన పుస్తకంలో ఒక అమ్మాయి ప్రస్తావన ఉంది. ఏదో చిన్న తప్పు చేసిందని బడి పెద్ద ముందుకి పిలిచి మందలిస్తుంటే, నిలబడ్డచోటే కూలి చనిపోయింది. కబురందిన తల్లిదండ్రులు పెద్దగా ఆశ్చర్యపోలేదట. వాళ్ళ పిల్లలు ఇంకో ఇద్దరు అంతకుముందే అలా పోయారు, భయంతోనో కోపంతోనో అదిరిపడి. ఆ అమ్మానాన్నలకి తెలిసిన విషయానికి పేరు రావడానికి ఇంకో వందేళ్ళు పట్టింది.

గుండె చప్పుడు కాగితం మీద గీతగా పడితే తప్ప ఆ జబ్బు కనబడదు మరి. ఆ గీత 20వ శతాబ్దం మొదట్లో నెదర్లాండ్స్‌లో ఐంతోవెన్ చేతిలో సాధ్యమైంది. గీతలోని మిట్టపల్లాలకి పీ, క్యూ, ఆర్, ఎస్, టీ అని అక్షరాలు పెట్టింది కూడా ఆయనే. 1957లో నార్వే వైద్యులు యర్వెల్, లాంగె-నీల్సన్ ఒక కుటుంబం గురించి రాశారు. ఆరుగురు పిల్లల్లో నలుగురు పుట్టుచెవుడు. ఆ నలుగురికీ ఇసిజి గీతలో క్యూ నుంచి టీ దాకా ఉండే దూరం మామూలు కంటే ఎక్కువ. వాళ్ళలో ముగ్గురు చిన్నవయసులోనే హఠాత్తుగా పోయారు. 1963లో ఇటలీలో రొమానో, మరుసటి ఏడు డబ్లిన్‌లో వార్డ్, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, చెవులు బాగానే వినబడే పిల్లల్లో కూడా ఇదే చూశారు. దీన్నే ఇప్పుడు లాంగ్ క్యూటీ సిండ్రోమ్ అంటున్నాం. సుమారు 2,000 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా.

అసలు జరిగేదేమిటంటే, ప్రతి స్పందన తర్వాతా గుండె కణం లోపలి విద్యుత్తుని మళ్ళీ మొదటి స్థితికి తెచ్చుకోవాలి. అందుకు పొటాషియం బయటికి పోయే సన్నని ద్వారాలుంటాయి. జన్యువులో ఒక్క అక్షరం తప్పినా ఆ ద్వారాలు మందకొడిగా తెరుచుకోవచ్చు. మునుపటి స్పందన తేరుకునేలోపే ఇంకోటి వచ్చి పడితే తాళం తప్పుతుంది. గుండె కొట్టుకోదు, వణుకుతుంది. కొన్నిసార్లు తనే సర్దుకుంటుంది. అప్పుడు మనిషి స్పృహ తప్పి లేస్తాడు, ఇంట్లోవాళ్ళు మూర్ఛ అనుకుంటారు. సర్దుకోకపోతే అంతే. ఇంత జరిగాక గుండెని కోసి చూసినా ఏమీ దొరకదు. కవాటాలు బాగుంటాయి, గోడలు బాగుంటాయి. మన దగ్గర ప్రాణం లేకుండా పుట్టిన బిడ్డకి శవపరీక్ష చేయించేవాళ్ళే అరుదు. చేయించినా, కణజాలం దాచి జన్యుపరీక్షకి పంపకపోతే సాక్ష్యం బిడ్డతోపాటే మట్టిలోకి పోతుంది.

అక్కణ్ణుంచి పరిశోధన వయసులో వెనక్కి నడిచింది. బడిపిల్లల నుంచి ఉయ్యాలకి. ఉయ్యాలలో నిద్రలోనే పోయే పసివాళ్ళలో కొందరిది ఇదే జబ్బు కావచ్చని 1976లో ఇటలీ వైద్యుడు పీటర్ ష్వార్ట్జ్ అన్నాడు. ఊరికే అనలేదు, తర్వాత దాదాపు 20 ఏళ్ళపాటు పుట్టిన మూడో నాలుగో రోజున పిల్లలకి ఇసిజి తీయించాడు. 1998లో లెక్క చెప్పాడు: 34 వేల పైచిలుకు పిల్లలు, వాళ్ళలో అలా నిద్రలో పోయినవాళ్ళు 24 మంది, వాళ్ళలో 12 మందికి క్యూటీ పొడవు. దీనిమీద పెద్ద గొడవే అయింది. పుట్టిన ప్రతి బిడ్డకీ ఇసిజి తీసి వేలమంది తల్లుల్ని భయపెడతారా అన్నవాళ్ళున్నారు. ఆ ప్రశ్నని తీసిపారేయలేం.

ఈలోగా 1991లో అమెరికాలో మార్క్ కీటింగ్ బృందం ఈ జబ్బుని పదకొండో క్రోమోజోమ్ దాకా తరుముకెళ్ళింది, 1996 కల్లా ప్రధానమైన మూడు జన్యువులూ దొరికాయి. ఇక మిగిలింది కడుపు. గర్భంలోని బిడ్డకి మామూలుగా ఇసిజి తీయలేం. మామూలు పరీక్షలో గుండె వేగం తెలుస్తుంది, క్యూటీ తెలియదు. అందుకని పోయినవాళ్ళనే అడిగారు. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఏ కారణమూ దొరక్కుండా కడుపులోనే పోయిన 91 మంది శిశువుల జన్యువులు చదివారు. ముగ్గురిలో ఈ జబ్బు తెచ్చే మార్పు కనబడింది. ఇంకో ఐదుగురిలో అనుమానించదగ్గ మార్పులున్నాయి. 91 మందిలో ముగ్గురంటే నూటికి మూడు. అది చిన్న సంఖ్యే, 2,000కి ఒకరు అన్నది గుర్తుచేసుకునేదాకా.

వెనక్కి తిరిగి చూస్తే బతికిన పిల్లల విషయంలో చిన్న ఆధారాలు కనిపిస్తాయి. ఈ జబ్బున్న శిశువుల గుండె కడుపులోనే కాస్త నెమ్మదిగా కొట్టుకోవచ్చు. ప్రమాదం అనిపించేంత కాదు, నిదానమైన బిడ్డ అని సరిపెట్టుకునేంత.

తల్లి మీదకి వేలు చూపడం మన పల్లెలకే పరిమితం కాదు. ఆస్ట్రేలియాలో క్యాథ్లీన్ ఫోల్బిగ్ అనే తల్లికి 1989 నుంచి 1999 లోపు నలుగురు పిల్లలు పోయారు. 2003లో కోర్టు ఆమెని హంతకురాలంది. ఆమె డైరీలో తనని తాను నిందించుకుంటూ రాసుకున్న మాటల్ని నేరాంగీకారంగా చదివారు. ఏళ్ళ తర్వాత కరోలా విన్యూసా అనే శాస్త్రవేత్త, తోటివారు వెతికితే ఇద్దరు ఆడపిల్లల్లో గుండె లయని చెడగొట్టగల అరుదైన జన్యుమార్పు దొరికింది. ఆ మార్పు తల్లి నుంచే వచ్చింది. ఆ పరిశోధనలో ష్వార్ట్జ్ కూడా ఉన్నాడు. 2023 జూన్‌లో ఆమెకి క్షమాభిక్ష, డిసెంబర్‌లో శిక్షల రద్దు. అప్పటికి ఆమె జైల్లో 20 ఏళ్ళు గడిపింది.

ఇది చెల్లికి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, “నేనూ రాశానన్నయ్యా, అలాంటివే. ఎవరైనా చదివితే నన్నూ జైల్లో పెడతారు” అంది.

జన్యువు దొరికితే నింద పోతుందని నేను అనుకోవడం లేదు. ‘తల్లి నుంచే వచ్చింది’ అన్న వాక్యాన్ని కోర్టు ఒకలా చదివింది, మా పెద్దత్త ఇంకోలా చదువుతుంది. మేనరికం వల్లే అనేవాళ్ళు కూడా ఉంటారు. నార్వే కుటుంబంలో చూసిన రకానికి తల్లి, తండ్రి ఇద్దరూ లోపం మోయాలి కాబట్టి మేనరికాల్లో ఆ ప్రమాదం నిజంగానే ఎక్కువ. రొమానో, వార్డ్‌లు చూసిన రకానికి మాత్రం ఒక్కరు చాలు, ఏ చుట్టరికమూ అక్కర్లేదు.

చెల్లికీ, వాళ్ళాయనకీ ఇసిజి తీయించమని నేనే పోరాను. ఎవరికైనా మూర్ఛ ఉందా, ఈత కొడుతూ పోయినవాళ్ళున్నారా, ఫోన్ మోగితే కళ్ళు తిరిగిపడ్డవాళ్ళున్నారా అని కార్డియాలజిస్టు అరగంట అడిగింది. కడుపుతో ఉన్నప్పుడు ఇవి ఎవరూ అడగలేదు. ఇద్దరి గీతలూ మామూలుగానే ఉన్నాయి. మామూలుగా ఉన్నంత మాత్రాన జన్యువు లేదని కాదనీ, జన్యుపరీక్షకి బిడ్డ కణజాలం ఉంటే బాగుండేదనీ చెప్పింది. మా దగ్గర లేదు. మా నాన్న, బాబాయి కలిసి ఆ సాయంత్రమే పాతిపెట్టి వచ్చారు.

వచ్చేటప్పుడు కారులో చెల్లి అడిగింది, తాతయ్య వాళ్ళమ్మ పేరేంటని. నాకు తెలియదు. నాన్నకి ఫోన్ చేశాను. ఆయన చాలాసేపు ఆలోచించి, అందరూ పెంటయ్య తల్లి అనేవారమ్మా, అన్నాడు.