‘ఉడాన్’ నాటి రోజులు

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా పాత సంగతి వ్రాయమని కార్యదర్శి గారు అడిగారు. సర్వీసు విషయాలు, పి.ఆర్.సి. బకాయిలు అందరూ వ్రాసేవే. నేను ఒక టీవీ సీరియల్ గురించి వ్రాస్తున్నాను. నవ్వుకోకండి, చివరికి అది మన ఆఫీసు బల్ల దగ్గరికే వస్తుంది.

1989లో నేను స్టేషన్ ఘన్‌పూర్‌లో కాపురం ఉన్నాను. అప్పుడది వరంగల్ జిల్లా. 2016 నుండి జనగామలో కలిసింది. ఇంట్లో ఒక ఇ.సి. బ్లాక్ అండ్ వైట్ టీవీ, పెంకుల మీద వెదురు బొంగుకు కట్టిన యాంటెన్నా. గాలి వీస్తే మా పెద్దవాడు పైకెక్కి తిప్పాలి, మేము కింద నుండి “ఇగ చాలు, ఆపు” అని అరవాలి. ఆదివారం ఉదయం ‘మహాభారత్’కు మా వాడకట్టంతా మా ఇంట్లోనే. ‘ఉడాన్’ వచ్చే రోజు మాత్రం మేము, పక్కింటి టీచరమ్మ, అంతే.

‘ఉడాన్’ ఒక పోలీసు అధికారిణి కథ. కల్యాణీ సింగ్ అనే అమ్మాయి ఐ.పి.ఎస్. అవుతుంది. ఆ పాత్ర వేసినది కవితా చౌదరి. సర్ఫ్ ప్రకటనలో సంచి పట్టుకుని బేరమాడే లలితాజీ అంటే మీకు వెంటనే గుర్తుకొస్తుంది, ఆమే ఈమె. నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో చదివిన మనిషి. కథ వ్రాసింది, దర్శకత్వం చేసింది, ముఖ్యపాత్ర వేసింది కూడా ఆమే. ఆ రోజుల్లో ఒక స్త్రీ ఈ మూడు పనులూ నెత్తిన వేసుకోవడం మామూలు విషయం కాదు. తండ్రిగా విక్రమ్ గోఖలే, కలెక్టరుగా సినిమా దర్శకుడు శేఖర్ కపూర్ నటించారు. సీరియల్ నడిచింది సుమారు 30 భాగాలే. ఇప్పుడు అత్తాకోడళ్ళ సీరియళ్ళు వేల భాగాలు నడుస్తుంటే ఆ లెక్క విన్నవారికి ఆశ్చర్యం వేస్తుంది. అప్పట్లో దూరదర్శన్ సాధారణంగా 13 వారాల చొప్పున అనుమతి ఇచ్చేది. కథ అయిపోతే సీరియల్ అయిపోయేది.

కథ కల్పన కాదు. కవిత అక్క కంచన్ చౌదరి భట్టాచార్య 1973 బ్యాచ్ ఐ.పి.ఎస్. కిరణ్ బేడీ తర్వాత దేశంలో రెండవ మహిళా ఐ.పి.ఎస్. ఆమే. అమృత్‌సర్‌లో ఒక ఆస్తి తగాదాలో తండ్రికి అన్యాయం జరిగింది. ఆ కుటుంబం పడ్డ అవమానమే ఆమెను పోలీసు ఉద్యోగం వైపు నడిపించింది. చెల్లెలు దానినే తెరకెక్కించింది.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. నేనప్పుడు భూముల రికార్డులు చూసే సీటులో ఉన్నాను. ఏ ఆఫీసు అన్నది ఇప్పుడు అనవసరం. ఒక ముసలి రైతు పహాణీ నకలు కోసం, అందులో తప్పుగా పడ్డ పేరు సవరణ కోసం తిరుగుతున్నాడు. వెంట పదో తరగతి చదివే బిడ్డ. లంచం అడగలేదు, ఆ మాట గట్టిగా చెప్పగలను. కానీ “రేపు రా” అన్నాను. మళ్ళీ “రేపు రా” అన్నాను. ఫైలు కట్టలో అడుగున పడి ఉంది, తీయడానికి బద్ధకం. ఒకరోజు ఆ పిల్ల నా ముఖం చూసి, “ఇది పదకొండోసారి సార్” అన్నది. తండ్రి గాబరాపడి దాన్ని వెనక్కు లాగి నాకు దండం పెట్టాడు.

ఆ వారమే ‘ఉడాన్’లో కల్యాణి తండ్రి న్యాయం కోసం తిరిగే ఘట్టం వచ్చింది. హిందీ మా ఆవిడకు నా అంత రాదు, అయినా అర్థం చెప్పాల్సిన పని పడలేదు. చూస్తూ చూస్తూ, “మీ ఆఫీసుల గూడ ఇట్లనే తిప్పుకుంటరా?” అని అడిగింది. టీచరమ్మ ముందు నాకు నోట మాట రాలేదు. యాంటెన్నా సరిచేస్తానని బయటికి వెళ్ళాను.

మరునాడు ఫైలు తీసి నోటు పెట్టాను. అయినా సంతకాలన్నీ అయ్యేసరికి ఇంకో నెలన్నర పట్టింది. అతడు నకలు తీసుకున్న రోజు ఆ పిల్ల రాలేదు. అడుగుదామనుకుని అడగలేదు.

తర్వాతి సంగతులు మీకూ కొన్ని తెలుసు. 2004లో కంచన్ గారు ఉత్తరాంచల్, అంటే నేటి ఉత్తరాఖండ్ డి.జి.పి. అయ్యారు. దేశంలో ఒక రాష్ట్రానికి తొలి మహిళా డి.జి.పి. ఆమే. మన హైదరాబాద్‌లోని జాతీయ పోలీసు అకాడమీకి 2014లో మన క్యాడర్ అధికారిణి అరుణా బహుగుణ తొలి మహిళా డైరెక్టర్ అయ్యారు. కంచన్ గారు 2019 ఆగస్టులో పోయారు.

2024 ఫిబ్రవరిలో కవితా చౌదరి పోయినట్లు పేపరులో చదివి మా ఆవిడకు చెప్పాను. “ఎవరు, లలితాజీయా?” అన్నది. కాసేపాగి, “గా పహాణీ పిల్ల పేరేంది?” అని అడిగింది. ఫైలు నంబరు నాకు ఇప్పటికీ గుర్తుంది గానీ పిల్ల పేరు ఏనాడూ అడగలేదని చెప్పాను.