కార్డు వెనుకనున్న మూడంకెలు

పూర్వము దుకాణములలో క్రెడిట్ కార్డును ఒక చిన్న యంత్రములో ఉంచి, దానిపై కార్బను కాగితముతో కూడిన రసీదును పరచి, రోలరును అటునిటు నడిపెడివారు. కార్డుపై ఉబ్బెత్తుగానున్న సంఖ్య, పేరు, గడువు తేది రసీదుపై అచ్చుపడెడివి. వాడిన కార్బను కాగితము చెత్తబుట్టలో పడెడిది. దొంగకు కావలసినదంతయు ఆ బుట్టలోనే ఉండెడిది! టెలిఫోనులో సరుకులు కొనునపుడు కార్డు చూపనక్కరలేదు. అప్పట్లో సంఖ్య, గడువు తేది చెప్పిన చాలెడిది.

కార్డు సంఖ్యలో చివరి అంకె ఒక తనిఖీ అంకె. ఐ.బి.యం. సంస్థకు చెందిన హాన్స్ పీటర్ లూన్ 1954లో దరఖాస్తు చేసి 1960లో పేటెంటు పొందిన పద్ధతి ఇది. అయితే ఇది వ్రాతలో దొర్లిన పొరపాటును పట్టునే గాని దొంగను పట్టదు. ఆ లెక్క ఎవరైనను వేయగలరు.

1995లో ఇంగ్లండులో ఈక్విఫాక్స్ ఉద్యోగి మైకేల్ స్టోన్ పదకొండు అక్షరాంకెల సంకేతము నొకదానిని రూపొందించెను. అదే క్రమముగా మూడంకెలకు కుదించబడినది. మాస్టర్‌కార్డు 1997లో దీనిని ముద్రింప నారంభించినది. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ మాత్రము నాలుగంకెలను కార్డు ముందువైపుననే వేయును.

ఈ అంకెలు ఎట్లు పుట్టును? కార్డు సంఖ్యను, గడువు తేదిని బ్యాంకు తన రహస్య సంఖ్యతో గూఢలిపిలోనికి మార్చి, ఫలితమునుండి మూడంకెలు తీసికొనును. రహస్య సంఖ్య తెలియనివారికి ఈ లెక్క సాధ్యము కాదు.

కాని అసలు తెలివి లెక్కలోకంటె అంకెలుంచిన చోటులో ఉన్నది. అవి ఉబ్బెత్తుగా ఉండవు గనుక కార్బనుపై పడవు. అయస్కాంతపు పట్టీలోనూ ఉండవు. పట్టీలోని సంకేతము వేరు. కనుక పట్టీని దొంగచాటుగా నకలు తీసినను ఇవి చిక్కవు. బ్యాంకు ఆమోదము లభించిన పిమ్మట వర్తకుడు వీటిని భద్రపరచరాదని కార్డు సంస్థల నిబంధన.

అయినను మూడంకెలతో ఏర్పడునవి వేయి సంకేతములే. ఒక్కొక్క వెబ్‌సైటులో కొద్దిసార్లు మాత్రమే ప్రయత్నించుచు, అనేక వెబ్‌సైట్లను వాడి సరియైన సంకేతమును ఊహింపవచ్చునని న్యూకాజిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో నిరూపించిరి. ఇక ఫోనులో అడిగిన అపరిచితునికి కార్డుదారుడే చదివి వినిపించినచో ఏ గణితమును అడ్డుపడజాలదు.

మన రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు 1 నుండి ఇంటర్నెట్టు చెల్లింపులకు మరియొక ధ్రువీకరణ కూడ ఉండవలెనని ఆదేశించినది. అందుకు వాడు సమాచారము కార్డుపై కంటికి కనబడనిదై యుండవలెను. మూడంకెలా, వెనుకకు త్రిప్పిన ఎవరికైనను కనబడును.