ముద్ర నాదే, రాత నాది కాదు: బీదరు మదరసా కథ



బీదరు పాత పట్నంలో చౌబారా బురుజు నుంచి కోట వైపు వెళ్లే దారిలో ఒంటి మీనారుతో ఒక పెద్ద కట్టడం కనిపిస్తుంది. ఒకప్పుడు దానికి ముందువైపు రెండు మీనారులుండేవి. అది బహమనీ ప్రధానమంత్రి మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదరసా.

గవాన్ పర్షియాలోని గీలాన్ ప్రాంతం వాడు. వర్తకుడుగా దక్కనుకు వచ్చి మంత్రి అయ్యాడు. తన దేశపు విద్యాలయాల పద్ధతిలోనే మూడంతస్తుల భవనం లేపాడు. నడుమ విశాలమైన ముంగిలి. చుట్టూ తరగతి శాలలు, గురువులకూ విద్యార్థులకూ గదులు, మసీదు, గ్రంథాలయం. అక్కడ మూడువేల గ్రంథాలుండేవని ప్రతీతి. ముఖభాగం మీద నీలం, ఆకుపచ్చ, పసుపు, తెలుపు రంగుల పింగాణీ పలకలు పొదిగించాడు. వాటిలో కొన్ని ఈనాటికీ నిలిచి ఉన్నాయి.

ఈ కథకు మన తెలుగు నేలతో గట్టి సంబంధమే ఉంది. రాజ్యంలోని నాలుగు పెద్ద తరఫులను గవాన్ ఎనిమిదిగా విడగొట్టాడు. అందులో తెలంగాణ తరఫు వరంగల్లు, రాజమహేంద్రవరం అని రెండయింది. తరఫుదారుల అధికారం తగ్గింది, పగ పెరిగింది. గిట్టనివారు ముద్ర భద్రపరిచేవాణ్ణి లోబరచుకుని, ఖాళీ కాగితంపై గవాన్ ముద్ర వేయించారు. దండెత్తి రమ్మని ఒరిస్సా గజపతికి పిలుపు పంపినట్టు దానిపై రాశారు. ముద్ర తనదే గాని రాత తనది కాదని గవాన్ చెప్పుకున్నాడట. సుల్తాను మూడో మహమ్మద్ షా వినలేదు. 1481 ఏప్రిల్‌లో, కృష్ణాతీరాన కొండపల్లి విడిదిలో, ఆ వృద్ధుడికి మరణశిక్ష అమలయింది. తరువాత ఇల్లు సోదా చేస్తే దాచిన ధనమేమీ దొరకలేదని ఫెరిష్తా చరిత్ర చెబుతుంది. ఏడాది తిరిగేసరికి సుల్తానూ పోయాడు. రాజ్యం ముక్కలయింది.

మదరసాకూ ఆపద తప్పలేదు. మొగలుల కాలంలో అందులో తుపాకిమందు నిల్వ చేశారు. 17వ శతాబ్ది చివర అది పేలి, ముఖద్వారమూ ఒక మీనారూ కూలిపోయాయి. చదువు చెప్పే చోట మందుగుండు పెడితే మిగిలేది ఇంతే.

ఒక దొంగ కాగితం మనిషిని బలిగొన్నది. ఆయన సొమ్ము ఎక్కడ ఖర్చయిందో ఈ రాతి గోడలు ఇప్పటికీ సాక్ష్యం పలుకుతున్నాయి. బీదరు వెళ్లినప్పుడు కోట ఒక్కటే చూసి తిరిగి రాకండి. ఆ ముంగిట్లో కాసేపు నిలబడండి.