అపెండిసైటిస్ నిర్ధారణ: చరిత్ర, నూజివీడు ప్రాంతం

పెద్దపేగు మొదట్లో వేలాడే సన్నని గొట్టం అపెండిక్స్. దాని ద్వారం మూసుకుపోయి, వాచి, చీము పడితే అపెండిసైటిస్. పది నుంచి ముప్పై ఏళ్ల లోపు వాళ్లలో ఎక్కువ. పల్లెల్లో దీన్ని ‘24 గంటల కడుపునొప్పి’ అంటారు. ఆలస్యమైతే గొట్టం పగిలి చీము పొట్టంతా పాకుతుంది.

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు వైపు చిన్నరసాలు, బంగినపల్లి కోతకొచ్చే రోజుల్లో పిల్లాడికి కడుపునొప్పి వస్తే తప్పు మామిడిపండు మీదే పడుతుంది. అరగలేదని వాము నమిలిస్తారు, తగ్గకపోతే ఆముదం పడతారు. ఈ పొరపాటు ఒక్క నూజివీడుదే అనలేం. పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా ఐరోపా వైద్యులూ జబ్బు పెద్దపేగు మొదలుదే అనుకున్నారు. విరేచనానికి మందిచ్చినవాళ్లూ తక్కువేం కాదు. అపెండిక్స్ పగిలే ముప్పును ఆ మందు పెంచుతుందని తర్వాత సర్జన్లు గట్టిగా హెచ్చరించారు.

1735లో లండన్‌లో క్లాడియస్ అమియాండ్ పదకొండేళ్ల బాలుడికి హెర్నియా ఆపరేషన్ చేస్తూ, గుండుసూది గుచ్చుకున్న అపెండిక్స్‌ను తొలగించాడు. అది అనుకోకుండా బయటపడిన జబ్బే. అసలు దోషి అపెండిక్సేనని 1886లో తేల్చి, జబ్బుకు ఈ పేరు పెట్టినవాడు బోస్టన్ వైద్యుడు రెజినాల్డ్ ఫిట్జ్. 1902లో పట్టాభిషేకానికి నిర్ణయించిన తేదీకి రెండు రోజుల ముందు బ్రిటన్ రాజు ఏడో ఎడ్వర్డ్‌కు ఫ్రెడరిక్ ట్రీవ్స్ చీము తీయాల్సి రావడంతో ఈ జబ్బు సామాన్యుల నోళ్లలోనూ నానింది.

చేత్తో నొక్కి జబ్బును కనిపెట్టే గుర్తులు ఫిట్జ్ తర్వాతి సుమారు రెండు దశాబ్దాల్లోనే పుట్టాయి. 1889లో న్యూయార్క్ సర్జన్ చార్లెస్ మెక్‌బర్నీ ఒక చోటు చూపించాడు. కుడివైపు తుంటి ఎముక ముందు మొన నుంచి బొడ్డుకు గీత గీస్తే, మొన నుంచి ఒకటిన్నర, రెండు అంగుళాల దూరంలో ఉంటుందది. నొప్పి బొడ్డు దగ్గర మొదలై, కొన్ని గంటల్లో అక్కడికి దిగి కూర్చుంటుంది. 1907లో డెన్మార్క్ సర్జన్ రోవ్‌సింగ్ ఎడమవైపు నొక్కితే కుడివైపు నొప్పి వస్తుందని చెప్పాడు. నొక్కిన చేయి చటుక్కున తీస్తే నొప్పి ఎక్కువవుతుందన్నది అదే ఏడాది బ్లూమ్‌బర్గ్ చెప్పిన గుర్తు. ఇప్పుడు చాలామంది డాక్టర్లు రోగిని అంత బాధపెట్టకుండా “ఒకసారి దగ్గమ్మా” అంటారు. దగ్గగానే చేయి కుడి పొత్తికడుపు మీదికి పోతే చాలు.

ప్రయోగశాల సాయం రక్తకణాల లెక్కతో మొదలైంది. వాడుకలో టీసీ (మొత్తం తెల్లకణాల లెక్క), డీసీ (వాటిలో రకాలవారీ లెక్క). యంత్రాలు రాకముందు చిన్న ఊళ్ల ల్యాబుల్లో రక్తాన్ని ఇరవై వంతులకు పలుచన చేసి, గళ్లు గీసిన గాజు పలక మీద వేసి, నాలుగు మూలల గళ్లలోని తెల్లకణాలను సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టి, వచ్చిన సంఖ్యను 50తో గుణించేవారు. పది వేలు దాటితే అనుమానం బలపడుతుంది. టైఫాయిడ్‌లో ఈ లెక్క సాధారణంగా పెరగదు కాబట్టి మన దగ్గర అపెండిసైటిస్‌ను దాని నుంచి వేరుగా గుర్తించడానికీ ఇది పనికొస్తుంది. మూత్ర పరీక్షతో మాత్రం జాగ్రత్త: వాచిన అపెండిక్స్ మూత్రనాళానికి ఆనుకుని ఉంటే మూత్రంలోనూ కొద్దిగా చీముకణాలు కనిపించి, రాయి అనో ఇన్ఫెక్షన్ అనో పొరబడే వీలుంది. పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లకు గర్భ పరీక్ష తప్పనిసరి.

ఇలాంటి గుర్తుల్లో కొన్నిటిని 1986లో అల్ఫ్రెడో అల్వరాడో అనే వైద్యుడు ఒక పట్టికలో చేర్చాడు. కుడి పొత్తికడుపు నొక్కితే వచ్చే నొప్పికి 2, తెల్లకణాల పెరుగుదలకు 2. నొప్పి బొడ్డు నుంచి కిందికి దిగడం, ఆకలి లేకపోవడం, వాంతి లేదా వికారం, చేయి తీస్తే నొప్పి, జ్వరం, న్యూట్రోఫిల్స్ అనే రకం తెల్లకణాలు ఎక్కువ కావడం ఒక్కోదానికి 1. మొత్తం పది. ఏడు గానీ అంతకు మించి గానీ వస్తే జబ్బు ఉండే అవకాశం ఎక్కువ. డాక్టరు చేయి, థర్మామీటరు, చుక్క రక్తం ఉంటే లెక్క తేలుతుంది. చిన్న ఊరి ఆసుపత్రికి ఇంతకంటే అనువైన సాధనం రాలేదనే చెప్పాలి. అయితే పెద్దవాళ్లలో దీని ఒక్కదాన్నే నమ్మి ఆపరేషన్‌కు పోవద్దని ఈ జబ్బుపై సర్జన్లు రూపొందించిన 2020 జెరూసలెం మార్గదర్శకాలు చెబుతున్నాయి.

అదే 1986లో నెదర్లాండ్స్ వైద్యుడు పూలర్ట్ పొట్టను మెల్లగా నొక్కుతూ అల్ట్రాసౌండ్ చేసే పద్ధతిని వివరించాడు. తర్వాత ఈ జబ్బు నిర్ధారణలో సీటీ స్కాన్ వాడకం కూడా పెరిగింది.

నూజివీడులో ట్రిపుల్ ఐటీ 2008లో మొదలైనప్పటి నుంచి, ఈ జబ్బు ఎక్కువగా వచ్చే వయసు పిల్లలు వేలమంది ఒకే ప్రాంగణంలో ఉంటున్నారు. 2022లో నూజివీడు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి మారింది. ఏరియా ఆసుపత్రి ఊళ్లోనే ఉన్నా, కేసు క్లిష్టమైతే విజయవాడకో ఏలూరుకో ప్రయాణం. ఆలస్యం మాత్రం చాలాసార్లు అంతకుముందే జరుగుతుంది. ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటే నొప్పి తగ్గుతుంది, జబ్బు కూడా తగ్గిందనుకుని ఇంటికి పోతారు. ఆసుపత్రిలో పరీక్ష చేశాక నొప్పి మందు ఇస్తే నిర్ధారణ దెబ్బతినదని అధ్యయనాలు తేల్చాయి. పరీక్షే లేకుండా సూది వేయడంతోనే ముప్పు.

అల్ట్రాసౌండ్‌లో అపెండిక్స్ కనిపించలేదని రిపోర్టు వస్తే జబ్బు లేదని అర్థం కాదు. అలాంటప్పుడు రోగిని పరిశీలనలో ఉంచి, కొన్ని గంటల తర్వాత అదే డాక్టరు మళ్లీ పొట్ట నొక్కి చూడాలి, టీసీ మళ్లీ చేయించాలి.