ఒక్క పైపు మీద నడిచిన కార్లు

ఈరోజు పాత బండ్ల బ్రేకుల గురించి చెప్తాను. కానీ ముందు మన హిమాయత్ సాగర్ గురించి ఒక్క మాట.

1908లో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచేసింది. మళ్లీ అంత ఘోరం జరగకూడదని ఈసీ నది మీద ఈ జలాశయం కట్టారు. 1927లో పూర్తయింది. దీనికి 17 గేట్లు. ఒకటి మొరాయించినా నీళ్లు వదలడానికి మిగతావి ఉంటాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆ తర్వాత అయిదేళ్లకు, 1932 జూన్‌లో, నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. మన జనం మోటారు బండి ఎక్కడం అలవాటవుతున్న రోజులవి. అప్పటికే బయటి దేశాల్లో బ్రేకుల తీరు మారిపోతోంది. మొదట్లో కడ్డీలు, తీగలు లాగితే బ్రేకు పడేది. 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కంపెనీ నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులు పెట్టిన కారు తెచ్చింది. పెడల్ తొక్కితే ఆ ఒత్తిడి సన్నటి పైపుల్లోని ఫ్లూయిడ్ ద్వారా చక్రాల దాకా వెళ్తుంది. తక్కువ బలంతో గట్టి బ్రేకు!

మరి చిక్కెక్కడ? నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే లైను. ఎక్కడ చిల్లు పడినా ఫ్లూయిడ్ బయటికి పోతుంది, పెడల్ కిందకి ఆనిపోతుంది, బండి మాత్రం ఆగదు. 1957లో మొదలైన మన అంబాసిడర్ పాత మోడళ్లు కూడా ఇలాంటివే. డ్యాముకి 17 గేట్లు పెట్టుకున్న మనం, ఇంటిల్లిపాదినీ ఒక్క పైపు మీద వదిలేశాం.

1960ల్లో క్యాడిలాక్, సాబ్ లాంటి కంపెనీలు లైన్‌ని రెండుగా విడదీశాయి. ఒకటి పోయినా రెండోది సగం బ్రేకు ఇస్తుంది. 1968 నుంచి అమెరికా కొత్త కార్లకు దీన్ని తప్పనిసరి చేసింది.

పాత బండ్లంటే నాకు ప్రాణం. అందుకే చెప్తున్నా. వానకీ బురదకీ స్టీలు పైపు బయట తుప్పు పడుతుంది. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది కాబట్టి లోపల కూడా పడుతుంది. రబ్బరు గొట్టాలు పగుళ్లిస్తాయి. ఇవేవీ పైకి కనిపించవు. బయట పెయింట్ మాత్రం తళతళలాడుతుంటుంది. అలాంటి బండితో హిమాయత్ సాగర్ దగ్గర అవుటర్ ఎక్కి శంషాబాద్ వైపు వెళ్తే, పక్కన కార్లు 120లో పోతుంటాయి.

కాబట్టి తాతగారి కారు బయటికి తీసేముందు మూడు చూడండి. పెడల్ మెత్తగా దిగుతోందా? చక్రాల లోపలివైపు తడి ఉందా? ఫ్లూయిడ్ తగ్గిందా? తగ్గితే పోసేసి ఊరుకోకండి, లీకు ఎక్కడుందో మెకానిక్‌తో వెతికించండి. హ్యాండ్ బ్రేకు కూడా పనిచేస్తోందో లేదో చూడండి. అది విడిగా తీగ మీద పనిచేస్తుంది. ఒకటే లైను ఉన్న కారులో మీకున్న రెండో గేటు అదొక్కటే.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్తగా నడపండి.